బేరా పరీక్షకు గదిని, యంత్రాన్ని, బిడ్డను సిద్ధం చేసుకోవడం ఎలా

చంటిబిడ్డకు వినబడుతోందో లేదో ఆ బిడ్డ చెప్పలేదు. శబ్దం వినగానే చెయ్యెత్తమని అడిగి చేసే ఆడియోమెట్రీ పెద్దవాళ్లకూ, కాస్త ఊహ తెలిసిన పిల్లలకూ పనికివస్తుంది కానీ మూడు నెలల పసికందుకు పనికిరాదు. అటువంటి బిడ్డ చెవిలో శబ్దం పడినప్పుడు వినికిడి నాడిలోనూ మెదడు కాండంలోనూ పుట్టే అతి సన్నని విద్యుత్ స్పందనను, తలమీద అతికించిన ఎలక్ట్రోడ్ల ద్వారా పట్టి తెరమీద అలలుగా చూపే పరీక్షనే మన ఆస్పత్రుల్లో బేరా అంటున్నాం. కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో ఈ పరీక్షను కొత్తగా మొదలుపెట్టబోతున్న ఆడియాలజిస్టులను, వారికి గదినీ యంత్రాన్నీ సమకూర్చే ఆస్పత్రి నిర్వాహకులను దృష్టిలో పెట్టుకొని ఈ వ్యాసం రాస్తున్నాను.

అల స్పష్టంగా వచ్చిన గీతను ఎవరైనా నమ్ముతారు. అల రాని గీతను నమ్మాలంటే మాత్రం, అది రాకపోవడానికి చెవి తప్ప వేరే కారణమేదీ లేదని మీరు ముందుగా రుజువు చేసుకొని ఉండాలి. ఎర్తింగు సరిగా లేకపోయినా, ఎలక్ట్రోడ్డు వదులైనా, ఇయర్‌ఫోన్ గొట్టంలో గుబిలి అడ్డుపడినా, బిడ్డ నిద్రలో కదులుతున్నా తెరమీద అల కనిపించకపోవచ్చు. అలాంటి గీతను చూసి చెవుడని రాసేస్తే ఆ కుటుంబం ఎంత దూరం తిరగవలసి వస్తుందో, ఎంత ఖర్చుపెట్టవలసి వస్తుందో మన ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ ఒక్క రుజువు కోసమే.

యంత్రం చేసే పని

1971లో జ్యూవెట్, విల్లిస్టన్ అనే పరిశోధకులు మనిషి తలమీద నుంచి ఈ స్పందనను నమోదు చేసి, వరుసగా వచ్చే అలలకు ఒకటి నుంచి ఏడు వరకు రోమన్ అంకెలు పెట్టారు. నేటికీ ఆ అంకెలనే వాడుతున్నాం. రోజువారీ పనిలో మనం వెతికేవి ఒకటో అల, మూడో అల, ఐదో అల. ఒకటో అల వినికిడి నాడిలో కాక్లియాకు (లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే భాగం) దగ్గరగా ఉన్న చోట పుడుతుంది. ఐదో అల ఆ నాడీమార్గం మెదడు కాండం పైభాగానికి చేరేచోట పుడుతుంది. గట్టి శబ్దం ఇచ్చినప్పుడు పెద్దవాళ్లలో ఒకటో అల సుమారు 1.6 మిల్లీ సెకన్లకు, మూడోది 3.7కు, ఐదోది 5.6కు కనిపిస్తాయి. శబ్దం తగ్గించేకొద్దీ మిగతా అలలు మాయమైపోతూ ఐదో అల ఆలస్యమవుతూ చివరిదాకా నిలుస్తుంది. అందుకే వినికిడి హద్దును ఐదో అలతోనే వెతుకుతాం.

ఆ అల ఎత్తు సాధారణంగా అర మైక్రోవోల్టు కూడా ఉండదు. అదే క్షణంలో మెదడులోని మిగతా కార్యకలాపం, మెడ కండరాల బిగువు కలిసి దానికి పదుల రెట్ల విద్యుత్తును పుట్టిస్తుంటాయి. యంత్రం ఒకే శబ్దాన్ని వేలసార్లు వినిపించి, ప్రతిసారీ వచ్చిన స్పందనను కలిపి సగటు తీస్తుంది. శబ్దానికి కట్టుబడి వచ్చే అల నిలుస్తుంది, యాదృచ్ఛికంగా వచ్చే రొద తగ్గిపోతుంది. ఆ రొద ఎన్నిసార్లు వినిపించామో దాని వర్గమూలం మేరకే తగ్గుతుందన్నది గుర్తుంచుకోండి. 2000 సార్లకు సుమారు 45వ వంతుకు తగ్గుతుంది. దాన్ని ఇంకో సగానికి దించాలంటే 8000 సార్లు వినిపించాలి. బిడ్డ అంతసేపు నిద్రపోతుందన్న నమ్మకం లేదు కాబట్టి, రొదను మొదటే తగ్గించుకోవడం సగటు తీసి తగ్గించుకోవడం కన్నా ఎప్పుడూ లాభమే.

కొనేటప్పుడు అడగవలసినవి

ముందుగా స్క్రీనింగ్ యంత్రానికీ నిర్ధారణ యంత్రానికీ తేడా తెలుసుకోండి. స్క్రీనింగ్ యంత్రం ఒకటి రెండు స్థాయుల శబ్దం వినిపించి, పాస్ అయిందనో మళ్లీ చూడాలనో తనంతట తానే చెబుతుంది. మన దేశంలోనే రూపొంది 2017లో విడుదలైన సోహమ్ అటువంటిదే. ప్రసూతి వార్డుకు అది చాలు. బిడ్డకు ఎంత వినబడుతోంది, లోపం ఏ చెవిలో, ఏ ధ్వనుల దగ్గర అని తేల్చాలంటే నిర్ధారణ యంత్రం కావాలి.

నిర్ధారణ యంత్రం అమ్మవచ్చిన ప్రతినిధిని ఈ సంగతులు సూటిగా అడగండి. క్లిక్ శబ్దంతో పాటు 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ టోన్ బర్స్టులు (ఒకే స్వరంతో క్షణకాలం వచ్చే శబ్దాలు) ఉన్నాయా, ఎముక ద్వారా శబ్దం పంపే బోన్ వైబ్రేటర్ ఇస్తారా, గీతలో మిగిలిన రొద ఎంతో అంకెల్లో చూపుతుందా, ఒక్కొక్క ధ్రువతకు (శబ్దం కర్ణభేరిని మొదట లోపలికి నెడుతుందా, బయటికి లాగుతుందా అన్నది) వచ్చిన గీతను విడిగా చూడగలమా, శబ్దస్థాయుల అమరిక పత్రం ఐఎస్ఓ 389-6 ప్రమాణం ప్రకారం ఇస్తారా. ఈ తరహా యంత్రాలకు ఐఈసీ 60645-7 అనే ప్రమాణం ఉంది. దానికి తగినదో కాదో పత్రంలో రాసి ఇవ్వమనండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇయర్‌ఫోన్ పాడైతే బదులు పంపడానికి ఎన్నాళ్లు పడుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. ఒక ఇయర్‌ఫోన్ లేక యంత్రం నెలలపాటు గుడ్డ కప్పుకొని కూర్చుంటే, మూడు నెలల వయసులో తేలవలసిన లోపం ఏడాది దాటినా తేలదు.

ఈ వయసు లెక్క ఊరికే చెప్పడం లేదు. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు వినికిడి యంత్రం లేదా తగిన చికిత్స మొదలుకావాలన్నది ప్రపంచమంతటా అనుసరిస్తున్న నియమం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలోనూ పుట్టుకతో వచ్చే వినికిడి లోపం ఒక అంశం. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన రాయలసీమలో ఈ పరీక్ష దగ్గరలో ఉండడం మరింత అవసరం.

గది, ఎర్తింగు

యంత్రం రాకముందే చూసుకోవలసింది గోడ వెనుక ఉన్న కరెంటు. లిఫ్టు, ఎక్స్‌రే యూనిట్, బోరు మోటారు స్టార్టరు, జనరేటరు ఉన్నచోటికి ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా గది ఎంచుకోండి. ఎక్స్‌రే గదికి ఆనుకొని ఉన్న గది ఎంత నిశ్శబ్దంగా ఉన్నా వద్దు.

ఎర్తింగు విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. నేలలో తేమ ఉన్నంతవరకే ఎర్తు గుంత పనిచేస్తుంది. అనంతపురం వంటి వానలు తక్కువ నేలల్లో, కింద గట్టి రాయి తగిలే కర్నూలు, కడప ప్రాంతాల్లో, ఫిబ్రవరి దాటేసరికి గుంత ఎండిపోయి నిరోధం పెరుగుతుంది. జనవరిలో నున్నగా వచ్చిన గీతలు ఏప్రిల్‌లో గజిబిజిగా మారితే యంత్రం చెడిపోయిందని కంపెనీకి ఫోన్ చేసేముందు గుంతలో నీళ్లున్నాయో లేదో చూడండి. బేరా గదికి వేరే ఎర్తు గుంత తవ్వించి, పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించి, వేసవిలో నీళ్లు పోసే పనిని ఒక మనిషికి అప్పగించండి. ఎలక్ట్రీషియనుతో మల్టీమీటరు పెట్టించి సాకెట్టు దగ్గర న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజి చూడండి. రెండు వోల్టుల లోపు ఉంటే మంచిది. ఆ అంకెను తేదీతో సహా గోడమీద కాగితంలో రాసి అంటించండి, ప్రతి నెలా కింద చేర్చుతూ పొండి.

ఎర్తు బాగాలేదని మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టరు తగిలించి పనికానిచ్చే అలవాటు కొన్నిచోట్ల చూస్తుంటాం. ఎలక్ట్రోడ్లు తగిలించుకొని పడుకున్న బిడ్డ విషయంలో అది ప్రాణంతో చెలగాటం. ఆ పని ఎప్పుడూ, ఎవరు చెప్పినా చేయకండి.

కరెంటు రొద ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. శబ్దం ఇవ్వకుండా గీతను నడుపుతూ గదిలో ఒక్కొక్కటే ఆపండి: ముందు ట్యూబులైటు, తర్వాత ఫ్యాను రెగ్యులేటరు, తర్వాత ఏసీ, చివరగా ల్యాప్‌టాప్ చార్జరు. దేన్ని ఆపినప్పుడు గీత ఒక్కసారిగా నెమ్మదిస్తుందో దొంగ అక్కడే ఉన్నాడు. చార్జరు తీసి బ్యాటరీమీద నడిపితేనే గీత శుభ్రపడుతోందంటే మీ ఎర్తింగులో లోపముండవచ్చు. సెల్‌ఫోన్లు, మీదీ తల్లిదీ కూడా, గది బయటే ఉండాలి.

కడప బండలు పరిచిన నేల, ఉత్త గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కాబట్టి మందపాటి తెరలు, నేలమీద పరుపు, తలుపు సందుకు రబ్బరు పట్టీ అవసరం. చెవిలో దూర్చే ఇన్సర్ట్ ఇయర్‌ఫోను ఫోమ్ సరిగ్గా లోపలికి వెళ్తే బయటి శబ్దాన్ని సుమారు 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది గనుక ఖరీదైన సౌండ్‌ప్రూఫ్ గది లేకపోయినా పని ఆగదు. ఏసీ మాత్రం కావాలి. మే నెల ఎండలో చెమట పట్టిన నుదుటిమీద పేస్టు జారిపోతుంది, ఎలక్ట్రోడ్డు కదలకుండా నిలవదు. బిడ్డ రావడానికి అరగంట ముందే గదిని చల్లబరచి, అవసరమైతే గీత తీసే సమయంలో ఏసీ ఆపండి.

మీ యంత్రానికి మీ కొలతలు

పెట్టె విప్పిన రోజునే పిల్లలను పిలవకండి. వినికిడి బాగున్న యువతీయువకులు పదిమందిని, మీ ఆస్పత్రి నర్సులూ విద్యార్థులైనా సరే, కూర్చోబెట్టి క్లిక్ శబ్దం వారికి ఏ స్థాయిలో మొదటగా వినబడుతోందో చూడండి. ఆ సగటు, యంత్రం తెరమీద సున్నా అని చూపే స్థాయికి దగ్గరగా ఉండాలి. తర్వాత వారికే 80 డెసిబెల్స్ దగ్గర బేరా చేసి ఒకటి, మూడు, ఐదో అలల సమయాలు పట్టికగా రాసుకోండి. ఒకటికీ ఐదుకూ మధ్య వ్యవధి సుమారు 4 మిల్లీ సెకన్లు రావాలి. అప్పుడే పుట్టిన బిడ్డల్లో నాడీమార్గం ఇంకా పక్వం కాలేదు గనుక అది సుమారు 5 మిల్లీ సెకన్లు ఉంటుంది. పెద్దవారి కొలతకు చేరడానికి సుమారు రెండేళ్లు పడుతుంది. పెద్దవారి పట్టికను పసిబిడ్డకు పెట్టి చూస్తే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా లోపమున్నట్టు తోస్తుంది.

ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్ గొట్టం గుండా శబ్దం ప్రయాణించడానికే సుమారు 0.9 మిల్లీ సెకను పడుతుంది. కొన్ని యంత్రాలు ఈ ఆలస్యాన్ని తామే తీసివేస్తాయి, కొన్ని తీయవు. మీది ఏదో తెలుసుకోండి. గొట్టం చివర చిరిగిందని కత్తిరించి మళ్లీ తొడగకండి, పొడవు మారితే కొలతంతా మారుతుంది.

రోజూ ఉదయం రెండు ఇయర్‌ఫోన్లూ మీ చెవిలో పెట్టుకొని శబ్దం స్థాయిని పైకీ కిందికీ జరిపి వినండి. వారానికోసారి మీ సిబ్బందిలో ఒకే మనిషికి బేరా చేసి పాత గీతతో పోల్చండి. ఏడాదికోసారి శబ్దస్థాయుల అమరికను సంస్థవారిచేత చేయించి పత్రం తీసుకోండి.

తల్లికి ముందే చెప్పవలసినవి

బేరా సగం తల్లి చేతుల్లోనే ఉంటుంది. ఆదోని నుంచో, కదిరి నుంచో, పులివెందుల నుంచో బిడ్డను ఒడిలో పెట్టుకొని వచ్చే తల్లికి ఎదురయ్యే అసలు ఇబ్బంది, బస్సు ఊపుకు బిడ్డ దారంతా నిద్రపోయి ఆస్పత్రికి రాగానే కళ్లు తెరవడం. అందుకే అపాయింట్‌మెంటు ఇచ్చేటప్పుడే వివరంగా చెప్పండి: "అమ్మా, ఆ రోజు పొద్దున బిడ్డను తొందరగా లేపండి. బస్సులో నిద్రపోనీకుండా ఇంకొకరు ఎత్తుకొని ఆడిస్తూ రండి. పాలు ఇక్కడికి వచ్చినాకే పట్టండి." పాలు తాగిన వెంటనే వచ్చే నిద్రే మీకు దొరికే మంచి సమయం, అప్పటికి ఎలక్ట్రోడ్లు అంటించి ఉంచితే గంట వరకు పనికివస్తుంది.

నూనె సంగతి తప్పక చెప్పండి. మన ఇళ్లలో బిడ్డకు తలంటి ఆముదమో కొబ్బరినూనో పట్టించడం, నుదుట నల్లచుక్క పెట్టడం మామూలు. కొన్ని ఇళ్లలో చెవిలోనూ నూనె చుక్కలు పోస్తారు. నుదుటిమీద, చెవుల వెనుక నూనె ఉంటే ఎలక్ట్రోడ్డు పట్టదు. చెవిలో నూనె ఉంటే ఇయర్‌ఫోన్ గొట్టం మూసుకుపోతుంది. తల్లికి చెప్పి ఊరుకోకుండా, వెంట వచ్చిన పెద్దావిడకూ "అవ్వా, పరీక్ష అయ్యేదాకా తలకు నూనె, చెవిలో నూనె వద్దు" అని మర్యాదగా చెప్పండి. బిడ్డకు స్నానం చేయించేది చాలా ఇళ్లలో ఆమే.

ఆరు నెలలు దాటిన పిల్లలు కొందరు ఎంతకీ నిద్రపోరు. నిద్రమందు ఇవ్వాలన్న నిర్ణయం పిల్లల డాక్టరుదే, మోతాదు ఆయన రాయవలసిందే, ఆక్సిజనూ పల్స్ ఆక్సీమీటరూ ఉన్నచోటనే ఇవ్వాలి. ఇంటిదగ్గర తాగించి తీసుకురమ్మని సిరప్ చేతికివ్వడం చాలా ప్రమాదం. మందు నిద్రలో కూడా క్లిక్ బేరా అలలు పెద్దగా మారవన్నది మాత్రం మనకు ఉపకరించే సంగతి.

చెవి చూడడం, ఎలక్ట్రోడ్లు అంటించడం

ఆటోస్కోపుతో రెండు చెవులూ చూడకుండా పరీక్ష మొదలుపెట్టవద్దు. గుబిలి, చీము, నూనె ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. కర్ణభేరి వెనుక నీరుందేమో తెలుసుకోవడానికి టింపనోమెట్రీ చేయండి. ఆరు నెలలలోపు బిడ్డకు మామూలు 226 హెర్ట్జ్ ప్రోబ్ టోను తప్పుదారి పట్టిస్తుంది గనుక 1000 హెర్ట్జ్ వాడాలి.

ఎలక్ట్రోడ్ల స్థానాలు కష్టమైనవి కావు: నుదుటి పైభాగాన, జుట్టు మొదలయ్యేచోట ఒకటి, చెవుల వెనుక మాస్టాయిడ్ ఎముకమీద ఒక్కొక్కటి, గ్రౌండు ఎలక్ట్రోడ్డు నుదుటి కింది భాగాన. మాడుమీద మెత్తగా ఉండే పసిబిడ్డల తల పైన నొక్కి రుద్దకండి, నుదుటి పైభాగం చాలు.

అసలు పనితనం చర్మాన్ని శుభ్రం చేయడంలో ఉంది. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచి వదిలేస్తే సరిపోదు. చర్మాన్ని శుభ్రపరిచే జెల్ కొద్దిగా దూదిపుల్లకు తీసుకొని, ఒకే చోట చిన్న గుండ్రంగా, చర్మం కొద్దిగా గులాబీరంగుకు తిరిగేదాకా మెల్లగా రుద్దండి, ఎర్రబడిందంటే ఎక్కువైందన్నమాట. జెల్ పూర్తిగా తుడిచేసి, కప్పు నిండా కండక్టివ్ పేస్టు పెట్టి, కప్పు అంచు చర్మానికి అంటేలా నొక్కి, పైన మైక్రోపోర్ టేపు రెండు పట్టీలు వేయండి. పేస్టు కప్పు బయటికి విస్తారంగా పొంగి పక్క ఎలక్ట్రోడ్డు పేస్టును తాకితే రెండూ ఒకటే అయిపోతాయి. పసిబిడ్డ నుదురు చిన్నది గనుక ఇది తరచూ జరిగే పొరపాటు.

ఇంపెడెన్స్, అంటే చర్మానికీ ఎలక్ట్రోడ్డుకూ మధ్య కరెంటుకు ఎదురయ్యే నిరోధం, ప్రతి ఎలక్ట్రోడ్డుకూ 5 కిలో ఓమ్స్ లోపు ఉండాలి, ఎలక్ట్రోడ్ల మధ్య తేడా 2 కిలో ఓమ్స్ మించకూడదు. ఈ రెండో నియమమే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం. అన్నీ 4 ఉన్నా ఫరవాలేదు కానీ, ఒకటి 1, ఒకటి 5 ఉంటే కరెంటు రొద రెండువైపులా సమానంగా రాక యాంప్లిఫయర్ దాన్ని కొట్టివేయలేదు. తీగలన్నిటినీ జడలా అల్లి, ప్రీయాంప్లిఫయర్‌ను బిడ్డ తలకు దగ్గరగా పెట్టండి. ఇయర్‌ఫోన్ తీగలు ఎలక్ట్రోడ్ తీగలమీదుగా పోకుండా రెండోవైపు నుంచి తీసుకురండి.

పని అయ్యాక కప్పులను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తని బ్రష్షుతో కడిగి ఆరబెట్టండి. ఎండిన పేస్టును గోటితో, పిన్నుతో గీకితే పైపూత పోయి ఆ ఎలక్ట్రోడ్డు ఇక నిలకడగా పనిచేయదు.

యంత్రంలో పెట్టవలసిన విలువలు

యాంప్లిఫికేషను 1,00,000 రెట్లు. వదిలేయవలసిన కదలికల హద్దు సుమారు 25 మైక్రోవోల్టులు. బిడ్డ కదిలి ఆ హద్దు దాటినప్పటి స్పందనలను యంత్రం లెక్కలోకి తీసుకోదు. పెద్దవాళ్లలో నాడి పనితీరు చూసేటప్పుడు ఫిల్టరు 100 నుంచి 3000 హెర్ట్జ్, పసిబిడ్డలో వినికిడి హద్దు వెతికేటప్పుడు కింది హద్దు 30 హెర్ట్జ్‌కు దించాలి. బిడ్డల ఐదో అల వెడల్పుగా, నిదానంగా ఉంటుంది. 100 దగ్గరే కోసేస్తే అల ఎత్తులో చాలా భాగం పోతుంది. 50 హెర్ట్జ్ కరెంటు రొదను కోసేసే నాచ్ ఫిల్టరు వాడి ఎర్తింగు లోపాన్ని కప్పిపుచ్చకండి, అది అల ఆకారాన్నే మారుస్తుంది.

శబ్దాల వేగం సెకనుకు 21.1, 27.7 వంటి బేసి అంకెలుగా ఎందుకు పెడతారో చాలామంది అడుగుతారు. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 10 లేదా 25 శబ్దాలిస్తే ప్రతిసారీ కరెంటు తరంగం ఒకే దశలో ఉన్నప్పుడే శబ్దం పడుతుంది. అప్పుడు ఎన్ని వేలసార్లు సగటు తీసినా ఆ రొద పోదు సరికదా, అలలాగే నిలబడుతుంది. 21.1 దగ్గర 2000 శబ్దాలకు సుమారు ఒకటిన్నర నిమిషం పడుతుంది.

చూసే సమయం పెద్దవాళ్లకు 10 నుంచి 15 మిల్లీ సెకన్లు సరిపోతుంది. బిడ్డకు టోన్ బర్స్టు వాడేటప్పుడు, ముఖ్యంగా 500 హెర్ట్జ్ దగ్గర, 20 నుంచి 25 వరకు పెట్టాలి. లేకపోతే ఆలస్యంగా వచ్చే అల తెర బయటే ఉండిపోతుంది.

గీతలు తీసే వరుస

ముందు శబ్దం లేకుండా ఒక గీత తీయండి. అది దాదాపు చదునుగా రావాలి. శబ్దమే లేనప్పుడు అలలాంటిది కనిపిస్తే ఆ తర్వాత వచ్చేదేదీ నమ్మదగినది కాదు.

తర్వాత 60 డెసిబెల్స్ దగ్గర క్లిక్ శబ్దంతో మొదలుపెట్టండి. పసిబిడ్డలో ఐదో అల ఈ స్థాయిలో సుమారు 7 మిల్లీ సెకన్ల దగ్గర వస్తుంది. అది కనిపించగానే నేరుగా 30కి దిగండి. మెట్టుమెట్టుగా దిగుతూ కూర్చుంటే విలువైన నిద్ర కరిగిపోతుంది. 30 దగ్గరా అల వస్తే రెండో చెవికి వెళ్లండి, రాకపోతే మధ్యలో వెతకండి. ప్రతి స్థాయిలోనూ రెండేసి గీతలు తీసి ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. రెండిట్లోనూ ఒకేచోట నిలిచిందే అల. ఒకదాంట్లో వచ్చి ఇంకోదాంట్లో రానిదాన్ని, అది ఎంత అందంగా ఉన్నా, లెక్కలోకి తీసుకోవద్దు.

క్లిక్ ముఖ్యంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య వినికిడి గురించే చెబుతుంది. క్లిక్‌కు అల రానంతమాత్రాన తక్కువ ధ్వనులు వినబడవని చెప్పలేం, వచ్చినంతమాత్రాన అన్నీ వినబడుతున్నాయనీ చెప్పలేం. అందుకే బిడ్డ ఇంకా నిద్రలో ఉంటే 2000 హెర్ట్జ్ టోన్ బర్స్టు, తర్వాత 500, తర్వాత 4000 చేయండి. బిడ్డ ఏ క్షణంలో లేచినా, అప్పటికి రెండు చెవుల గురించీ ఎంతో కొంత తెలిసి ఉండేలా చెవులు మార్చుకుంటూ పోవడం మేలు. ఒక చెవి సంపూర్ణంగా తెలుసుకొని రెండో చెవి గురించి ఏమీ తెలియకుండా పంపించడం ఆ కుటుంబానికి ఇంకో బస్సు ప్రయాణం.

హద్దు మామూలు కన్నా పైన ఉంటే బోన్ వైబ్రేటరుతో మళ్లీ చూడండి. ఎముక ద్వారా తక్కువ స్థాయిలోనే అల వస్తే లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉంది, దానికి చికిత్స వేరు.

అల రాకపోతే

90 డెసిబెల్స్ దగ్గర కూడా గీత చదునుగా ఉంటే కుర్చీలోంచి లేవండి. ఇయర్‌ఫోన్ బిడ్డ చెవిలోంచి తీసి మీ చెవి దగ్గర పెట్టుకొని శబ్దం వస్తోందో లేదో వినండి. ఆ స్థాయి శబ్దాన్ని మీ చెవిలోకి పూర్తిగా దూర్చుకోవద్దు. ఫోమ్ చివర గుబిలి ఉందేమో, గొట్టం బిడ్డ తల కింద నలిగిందేమో చూడండి. ఇంపెడెన్స్ మళ్లీ కొలవండి. యంత్రం చూపే మిగిలిన రొద 25 నానోవోల్టుల లోపు ఉందా? ఉంటేనే అది నిజంగా చదును గీత. అంతకన్నా ఎక్కువుంటే అక్కడ అల ఉందో లేదో ఎవరూ చెప్పలేరు, ఆ గీతను తీర్పుకు వాడకండి.

ఇవన్నీ సరిగా ఉన్నాయంటే ఇప్పుడు మరో ముఖ్యమైన పని ఉంది. శబ్దం ధ్రువతను రేర్‌ఫాక్షన్‌లో (బయటికి లాగేది) ఒకసారి, కండెన్సేషన్‌లో (లోపలికి నెట్టేది) ఒకసారి పెట్టి విడివిడిగా రెండు గీతలు తీసి ఒకదానిమీద ఒకటి పెట్టండి. మొదటి కొన్ని మిల్లీ సెకన్లలో చిన్న తరంగాలు కనిపించి, ధ్రువత మార్చగానే తలకిందులైతే అవి శబ్దాన్ని అచ్చంగా అనుసరిస్తూ కాక్లియా పుట్టించే విద్యుత్ స్పందన, అంటే మైక్రోఫోనిక్ కావచ్చు. అది యంత్రం పుట్టించిన రొద కాదని తేల్చుకోవడానికి ఇయర్‌ఫోన్ గొట్టాన్ని వేళ్లతో గట్టిగా నొక్కిపట్టి ఇంకో గీత తీయండి. గొట్టం మూసినా తరంగాలు అలాగే ఉంటే అది విద్యుత్ రొద. మాయమైతే కాక్లియా పనిచేస్తోంది, నాడిలో స్పందనలు ఒకే వేళకు కలిసి రావడం లేదు. దీన్నే ఆడిటరీ న్యూరోపతీ అంటారు. ఈ పిల్లలకు వినికిడి ఎంతో బేరా గీతను బట్టి చెప్పడం సాధ్యం కాదు.

పుట్టగానే తీవ్రమైన కామెర్లు వచ్చి రక్తమార్పిడి దాకా వెళ్లిన బిడ్డలు, నెలలు నిండకుండా పుట్టి ఎన్ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్ విభాగం) గడిపిన బిడ్డలు వచ్చినప్పుడు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. వాళ్లకు కాక్లియా తిరిగి వెలువరించే సన్నని శబ్దాలను కొలిచే ఓఏఈ పరీక్ష ఒక్కటే చేసి పాస్ అయిందని పంపిస్తే, కాక్లియా బాగున్నందువల్ల పాస్ అయి, నాడిలోని లోపం కనిపించకుండా పోతుంది. అల రాని ప్రతి బిడ్డకూ ఓఏఈ చేయాలి, ఎన్ఐసీయూ నుంచి వచ్చిన ప్రతి బిడ్డకూ బేరా చేయాలి.

ఒక్క పూట చూసి తేల్చవద్దు. మరో రోజు, వీలైతే మరో ఇయర్‌ఫోనుతో మళ్లీ చేయండి.

నివేదిక రాయడం

నివేదికలో మీరు చూసింది రాయండి: బిడ్డ సహజ నిద్రలో ఉందా మందు నిద్రలో ఉందా, ఇంపెడెన్స్ ఎంత, ఏ శబ్దం, ఏ వేగం, ఏ చెవిలో ఏ స్థాయి వరకు అల వచ్చింది, మిగిలిన రొద ఎంత, టింపనోమెట్రీ, ఓఏఈ ఏమి చెప్పాయి. అల రాకపోతే "90 డెసిబెల్స్ వరకు స్పందన నమోదు కాలేదు" అని రాయండి. "పూర్తి చెవుడు" అన్న మాట బేరా ఒక్కదాన్ని బట్టి రాయదగినది కాదు, ఎందుకంటే యంత్రం వినిపించగల గరిష్ఠ స్థాయికి పైన కొంత వినికిడి మిగిలి ఉండవచ్చు. యంత్రం చూపే స్థాయి నేరుగా వినికిడి హద్దు కాదు. దానిలోంచి కొన్ని డెసిబెల్స్ తగ్గించి అంచనా వేయాలి, ఆ తగ్గింపు 500 హెర్ట్జ్ దగ్గర ఎక్కువ, 4000 దగ్గర తక్కువ. మీరు ఏ తగ్గింపు వాడారో కూడా అక్కడే రాయండి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉన్న ఆడియాలజిస్టు సంతకం, నమోదు సంఖ్య లేని నివేదిక దివ్యాంగుల ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో గానీ, కాక్లియర్ ఇంప్లాంట్ పథకాల దగ్గర గానీ నిలవదు.

తల్లిదండ్రులకు మాట చెప్పేటప్పుడు కూర్చోబెట్టి చెప్పండి. "అమ్మా, బిడ్డ చెవుల్లో గట్టి శబ్దం పెట్టి చూసినాము. ఈ పూట నరంలో స్పందన కనపడలేదు. పదిరోజులకు ఇంకోసారి చూస్తాము, అప్పటికీ ఇట్లే ఉంటే ఏం చేయాలో నేనే దగ్గరుండి చెప్తాను" అన్నంత స్పష్టంగా, అంతే నిదానంగా. ఆ పదిరోజులను గాలికి వదిలేయకుండా తేదీ, వేళ రాసి చేతికివ్వండి, ఫోను నంబరు తీసుకొని రెండు రోజుల ముందు మీరే గుర్తుచేయండి.

నివేదికతో పాటు గీతల ప్రింట్లు అన్నీ, శబ్దం లేకుండా తీసిన గీతతో సహా, కుట్టి ఇవ్వండి. యంత్రంలోని మూల ఫైలు కూడా పెన్‌డ్రైవులో దాచి ఉంచండి. కర్నూలు వాళ్లు హైదరాబాదుకు, అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కడప వాళ్లు తిరుపతికో చెన్నైకో వెళ్తారు. అక్కడి డాక్టరుకు మీ ముగింపు వాక్యంతో కన్నా మీ గీతలతోనే పని. అవి చేతిలో ఉంటే, బాగున్నాయని ఆయనకు తోస్తే, ఆ బిడ్డకు పరీక్ష మొదటినుంచి మళ్లీ చేయవలసిన అవసరం రాకపోవచ్చు.